1,095 రోజుల లెక్క: నా నోటుబుక్కుకీ కాలిక్యులేటర్‌కీ 19 రోజులు తేడా వస్తోంది

తెనాలి_కుర్రాడు
నాలుగు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, ఎవరైనా చూసి చెప్పండి. కెనడా సిటిజన్‌షిప్‌కి గత అయిదేళ్లలో 1,095 రోజులు ఇక్కడ ఉండాలి కదా, నా నోటుబుక్కు ప్రకారం 2025 జులై 1తో సరిగ్గా 1,095 నిండాయి. జులై 2న అప్లై చేద్దామని ప్రభుత్వ సైట్‌లో కాలిక్యులేటర్ తెరిచి తేదీలన్నీ కొడితే 1,076 అంటోంది. మూడుసార్లు కొట్టాను, మూడుసార్లూ అదే. 19 రోజులు ఎక్కడికి పోయాయి?

నా లెక్క ఇది. స్టూడెంట్‌గా కోర్సు 2020 సెప్టెంబర్‌లో మొదలు. మా ఆవిడ ఫైల్‌లో నాకూ 2023 మార్చి 14న పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చింది. పీఆర్‌కి ముందు ఉన్న రోజులకి రోజుకి అర రోజు చొప్పున ఇస్తారు, ఎంత ఉన్నా 365 దాటదు. నాకు రెండున్నరేళ్లు ఉంది కాబట్టి 365 పూర్తిగా వేసుకున్నాను. పీఆర్ తర్వాత జులై 1 దాకా 841 రోజులు, అందులో ఇండియాలో ఉన్నవి 111 తీసేస్తే 730. 365, 730 కలిపితే 1,095. ఇందులో తప్పెక్కడుంది?

ఆ 111 రోజులు సరదాకి వెళ్లినవి కావు. నాన్నకి సీరియస్ అని ఫోన్ వస్తే 2024 జనవరి 6న బయల్దేరాను. ఫిబ్రవరిలో పోయారు. కర్మకాండలు, బ్యాంకు పనులు, అమ్మని అక్క దగ్గర దింపడం, అన్నీ అయి ఇక్కడికి వచ్చేసరికి ఏప్రిల్ 2. మళ్లీ 2025 ఫిబ్రవరి 10న సంవత్సరీకానికి వెళ్లి మార్చి 4న వచ్చాను.

లెక్కల_టీచర్
నాన్నగారి విషయం చదివి బాధేసింది.
కోర్సు మొదలైన తేదీ రాశారు గానీ విమానం దిగిన తేదీ రాయలేదు. అది కావాలి. పీఆర్‌కి ముందు ఇండియా వెళ్లారా? వెళ్తే తేదీలు పెట్టండి.

తెనాలి_కుర్రాడు
దిగింది 2021 జనవరి 10. కోవిడ్ టైం కదా, మొదటి సెమిస్టర్ తెనాలిలో మేడమీద గదిలో కూర్చుని ఆన్‌లైన్‌లో చదివాను. రాత్రి తొమ్మిదిన్నరకి క్లాసు మొదలైతే తెల్లవారుజామున మూడింటికి అయ్యేది, ఫీజు మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు. పీఆర్‌కి ముందు ఇండియా రెండుసార్లు: 2021 డిసెంబర్ 10 నుంచి 2022 జనవరి 9 (చెల్లి పెళ్లి), 2022 జూన్ 4 నుంచి ఆగస్టు 24 (నాన్న ఆపరేషన్). అవి పీఆర్ రాకముందువి కదా అని లెక్కలోకి తీసుకోలేదు.

బ్రాంప్టన్_బాబాయ్
దొరికింది. మేడమీద చదివిన సెమిస్టర్‌కి ఒక్క రోజు కూడా రాదు.

తెనాలి_కుర్రాడు
అదే సెమిస్టర్‌ని వర్క్ పర్మిట్‌కి ఒప్పుకున్నారు కదా అండీ. దీనికెందుకు ఒప్పుకోరు?

బ్రాంప్టన్_బాబాయ్
అది చదువు లెక్క, ఇది మనిషి లెక్క. పర్మిట్ మీద ఏ తేదీ ఉన్నా, మన కాళ్లు కెనడా నేల మీద ఉన్న రోజే రోజు. కోవిడ్ టైంలో చేరిన పిల్లలు ఇక్కడే తప్పు చేస్తున్నారు, మా పక్కింటి కుర్రాడిదీ ఇదే కథ. దిగాక పద్నాలుగు రోజులు క్వారంటీన్‌లో గది దాటకుండా కూర్చున్నారు చూడండి, అవి మాత్రం లెక్కే.

తెనాలి_కుర్రాడు
అవును, బేస్‌మెంట్ గదిలో కూర్చున్నాను. ఇంటి ఓనరమ్మ మెట్ల మీద డబ్బా పెట్టి తలుపు కొట్టి వెళ్లిపోయేది. ఆ పద్నాలుగైనా కలిశాయి.

లెక్కల_టీచర్
కాగితం మీద వేశాను, చూడండి. మీ నోటుబుక్కులో రెండు తప్పులున్నాయి, ఒకటి మీకు ఎక్కువ వేసింది, ఒకటి తక్కువ వేసింది. అందుకే మీకు అంతు చిక్కలేదు.

మొదటిది, పీఆర్‌కి ముందు. 2021 జనవరి 10 నుంచి 2023 మార్చి 13 దాకా 793 రోజులు. పెళ్లికి వెళ్లినప్పుడు 29, ఆపరేషన్‌కి వెళ్లినప్పుడు 80, కలిపి 109 రోజులు మీరు ఇక్కడ లేరు. మిగిలినవి 684. అందులో సగం 342. మీరు 365 వేసుకున్నారు, అంటే 23 ఎక్కువ. పూర్తి 365 రావాలంటే పీఆర్‌కి ముందు 730 రోజులు నిజంగా ఇక్కడ ఉండి ఉండాలి.

రెండోది, పీఆర్ తర్వాత. మీరు విమానం ఎక్కిన రోజూ దిగిన రోజూ కూడా తీసేశారు. తీయక్కర్లేదు. బయల్దేరిన రోజు కొంతసేపు ఇక్కడున్నారు, వచ్చిన రోజు కొంతసేపు ఇక్కడున్నారు, రెండూ ఉన్నట్టే లెక్క. జనవరి 6 నుంచి ఏప్రిల్ 2 మీరు 88 అనుకున్నారు, అది 86. సంవత్సరీకం 23 కాదు, 21. మొత్తం 107. మీరు 111 తీశారు, అంటే 4 తక్కువ వేసుకున్నారు.

23లోంచి 4 పోతే 19. 841లోంచి 107 పోతే 734, దానికి 342 కలిపితే 1,076. కాలిక్యులేటర్ కరెక్టే.

మంచులో_మామిడి
టీచర్ గారూ, మీ దగ్గర ట్యూషన్ చెప్పించుకోవాలనిపిస్తోంది 🙏

తెనాలి_కుర్రాడు
రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గుండె మీద నుంచి బరువు దిగింది. నాలుగు రోజులుగా ఆ సైట్‌ని తిట్టుకుంటున్నాను.

పల్నాడు_ఎక్స్‌ప్రెస్
19 రోజులే కదా బ్రో, ఇప్పుడే పంపేసెయ్. వాళ్లు ఫైల్ తెరిచేసరికి నెలలు పడుతుంది, అప్పటికి ఎలాగూ నిండుతాయి.

నైట్‌షిఫ్ట్_నర్స్
దయచేసి ఈ సలహా ఎవరూ పాటించకండి. వాళ్లు ఫైల్ తెరిచిన రోజుతో సంబంధం లేదు, అప్లై చేసిన తేదీకి ముందు అయిదేళ్లే చూస్తారు. ఆ రోజుకి 1,094 ఉన్నా లేనట్టే. రిజెక్ట్ అయితే 530 డాలర్ల ప్రాసెసింగ్ ఫీజు తిరిగి రాదు, మళ్లీ కొత్తగా లైన్లో నిలబడాలి. మా వార్డులో ఒకామె ఇలాగే తొందరపడి ఏడాది పోగొట్టుకుంది.

పల్నాడు_ఎక్స్‌ప్రెస్
సరే, నాకు తెలీక అన్నాను. వెనక్కి తీసుకుంటున్నా.

లెక్కల_టీచర్
మధ్యలో ఎక్కడికీ వెళ్లకపోతే జులై 20తో సరిగ్గా 1,095 అవుతాయి, 21న అప్లై చేయొచ్చు. కానీ ఆ రోజు చేయకండి. ఎక్కడో ఒక తేదీ తేడా వస్తే మొత్తం పోతుంది. ఒక నెల కలుపుకోండి.

మంచులో_మామిడి
టీచర్ గారు చెప్పింది నా అనుభవం. మాది విన్నిపెగ్. ఇక్కడివాళ్లకి అమెరికా గ్రాండ్ ఫోర్క్స్ అంటే సంతకి వెళ్లొచ్చినట్టు, కారులో రెండున్నర గంటలు. శనివారం వెళ్లి ఆదివారం వచ్చేవాళ్లం, స్టాంపు వేసినప్పుడు వేశారు, లేనప్పుడు లేదు. పైగా పాత పాస్‌పోర్టు ఇల్లు మారేటప్పుడు పోయింది. అప్లై చేద్దామని కూర్చుంటే ఎన్నిసార్లు వెళ్లామో నాకూ మా ఆయనకీ పొంతన కుదర్లేదు. నేను ఆరు అంటే ఆయన తొమ్మిది అన్నారు. చివరికి బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని అమెరికా డాలర్లలో పెట్రోలు కొట్టించిన తేదీలు ఏరాం, ఫోన్‌లో ఫొటోల తేదీలు చూశాం, కెనడా బార్డర్ వాళ్ల దగ్గర నుంచి మా రాకపోకల రికార్డు తెప్పించుకున్నాం. ఎనిమిది తేలాయి. శని ఆదివారాల ట్రిప్‌కి ఒక్క రోజు కూడా పోదు, వెళ్లిన రోజూ వచ్చిన రోజూ లెక్కే కదా. అయినా రాయాలి. రాయకుండా వదిలేసినవి వాళ్ల రికార్డులో కనిపిస్తే మిగతా తేదీల మీద కూడా అనుమానం వస్తుంది.

విండ్సర్_వంతెన
దీనికి నాకంటే పెద్ద ఉదాహరణ ఉండదేమో. ఇల్లు విండ్సర్‌లో, ఉద్యోగం డెట్రాయిట్‌లో. పొద్దున ఏడింటికి నది దాటి వెళ్తాను, సాయంత్రం ఆరున్నరకి వచ్చేస్తాను. పగలంతా అమెరికాలోనే ఉన్నా రోజులో కొంతసేపు ఇక్కడ ఉంటాను కాబట్టి ప్రతి రోజూ కెనడా రోజే. మా మామగారికి ఎంత చెప్పినా నమ్మకం కుదర్లేదు, 'రోజూ దేశం దాటేవాడికి పౌరసత్వం ఎవరిస్తారయ్యా' అనేవారు. పోయినేడాది వచ్చింది. అయితే ఇంటి అద్దె కాగితాలు, కరెంటు బిల్లులు, పిల్లల స్కూలు కాగితాలు అన్నీ అడిగారు, ఒక పెద్ద ప్రశ్నావళి పంపారు. నాలాంటి వాళ్లు అవన్నీ ముందే ఒక ఫైల్‌లో పెట్టుకోవాలి.

ఓరుగల్లు_పిల్ల
నేను ఇంకో రకంగా దెబ్బతిన్నాను, రాస్తే ఎవరికైనా పనికొస్తది. మా ఆయన కెనడా సిటిజన్, నేను పీఆర్. అత్తమ్మకి బాగలేక ఇద్దరం హైదరాబాద్‌లో దగ్గర దగ్గర రెండేళ్లు ఉన్నం. సిటిజన్ భర్తతో బయట ఉంటే పీఆర్ నిలుపుకోవడానికి కావాల్సిన 730 రోజుల్లో అవి కలుస్తాయని చదివిన, నిజంగానే కార్డు రెన్యూవల్ ఏ ఇబ్బందీ లేకుండా అయింది. దాంతో సిటిజన్‌షిప్‌కి కూడా అవి కలుస్తాయనుకున్న. కలవవు. 730 వేరు, 1,095 వేరు. ఒకటి పీఆర్ పోకుండా చూసుకునే లెక్క, ఇంకోటి సిటిజన్ అయ్యే లెక్క. ఎడ్మంటన్‌ల మళ్లీ మొదటి నుంచి రోజులు లెక్కపెడుతున్న.

బ్రాంప్టన్_బాబాయ్
ఓరుగల్లు అమ్మాయీ, దిగులు పెట్టుకోకు. మా రోజుల్లో జరిగింది వింటే నీది చిన్నదనిపిస్తుంది.

నేను 2011లో చదువుకి వచ్చాను, 2013 ఆగస్టులో పీఆర్. అప్పటి రూల్ ప్రకారం నాలుగేళ్లలో 1,095, పీఆర్‌కి ముందు ఉన్నదానికి సగం కలిసేది. 2015 ఆగస్టుకి నాకు నిండాలి. ఆ జూన్ 11న సి-24 చట్టం రూల్స్ అమల్లోకొచ్చాయి. ఆరేళ్లలో 1,460 రోజులు, అందులో నాలుగు సంవత్సరాలు ఒక్కో ఏడాదీ కనీసం 183, పీఆర్‌కి ముందు చదువుకున్న రోజులకి సున్నా. రెండు నెలల తేడాతో నా ముందు గేటు పడింది. ఆ రాత్రి కిచెన్‌లో క్యాలెండర్ ముందు నిలబడి మా ఆవిడ ఒకే మాట అంది, 'మనం చేసిన తప్పేంటి?' అని. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత ప్రభుత్వం మారింది, సి-6 చట్టం వచ్చింది, 2017 అక్టోబర్ 11 నుంచి అయిదేళ్లలో 1,095 అయింది, అర రోజు లెక్క తిరిగొచ్చింది. మర్నాడే అప్లై చేశాను. చదువుకుంటూ రాత్రిళ్లు గోడౌన్‌లో పని చేసి టాక్సు కట్టిన రోజులు కూడా ఈ దేశంలో బతికిన రోజులే, వాటిని సున్నా అనడం అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

గోదారి_గట్టు
బాబాయ్ గారూ, మీ సున్నా రెండేళ్లు ఉంది. మాది డాలస్, ఇక్కడ సున్నా ఇంకా నడుస్తూనే ఉంది. 2011లో హెచ్‌1బి మీద వచ్చాను. అమెరికాలో సిటిజన్‌షిప్ లెక్క గ్రీన్‌కార్డు చేతికొచ్చాకే మొదలు: అయిదేళ్లు, అందులో కనీసం 30 నెలలు ఇక్కడ ఉండాలి, ఒకే విడతలో ఆరు నెలలు దాటి బయట ఉంటే మళ్లీ సంజాయిషీ చెప్పుకోవాలి. ఇండియాలో పుట్టినవాళ్లకి గ్రీన్‌కార్డు క్యూ ఎంత పొడుగో అందరికీ తెలిసిందే. ఇక్కడ పుట్టిన మా అమ్మాయి సిటిజన్, హైస్కూల్‌కి వచ్చింది. నా పద్నాలుగేళ్లలో ఒక్క రోజు కూడా ఇంకా లెక్కలోకి రాలేదు. కెనడాలో అర రోజైనా ఇస్తున్నారంటే నాకు గొప్పగానే ఉంది.

తెనాలి_కుర్రాడు
అన్నా, ఇది చదివాక నా 19 రోజుల గురించి మాట్లాడటానికి నోరు రావట్లేదు.

గోదారి_గట్టు
అలా అనుకోకు తమ్ముడూ. ఎవరి టెన్షన్ వాళ్లది. నీ పని కావాలి, మాకూ సంతోషమే.

క్రాయిడన్_కోడలు
యూకేలో ఇంకో విచిత్రం ఉంది. అయిదేళ్లలో 450 రోజులకి మించి బయట ఉండకూడదు, చివరి ఏడాదిలో 90 దాటకూడదు. అవి నాకు సరిపోయాయి. కానీ అప్లికేషన్ అందే రోజుకి సరిగ్గా అయిదేళ్ల క్రితం అదే రోజున మనం యూకేలో ఉండి ఉండాలని కూడా ఉంది. నేను ఆ టైంలో పెద్దబాబు పురుటికి రాజమండ్రిలో ఉన్నాను! లాయరుకి ఫీజు కట్టి అప్లై చేయబోయే ముందు రాత్రి ఊరికే పాత పాస్‌పోర్టు తిరగేస్తుంటే స్టాంపు కనపడింది. అప్లికేషన్ అయిదు వారాలు వాయిదా వేసుకున్నాను. లాయరు చూడలేదు, నేనే చూశాను. కాబట్టి డబ్బు కట్టాం కదా అని మన లెక్క మనం వదిలేయకూడదు.

నైట్‌షిఫ్ట్_నర్స్
నిజం. నేనూ ఒక కన్సల్టెంట్‌కి ఇచ్చి ఇలాగే మోసపోయేదాన్ని. నా వర్క్ పర్మిట్ అయిపోయాక రెన్యూవల్ పెట్టడం ఆలస్యమై 40 రోజులు స్టేటస్ (ఇక్కడ ఉండే అనుమతి) లేకుండా ఉన్నాను, తర్వాత రిస్టోర్ చేయించుకున్నాను. ఆయన ఆ 40 కూడా కలిపేసి రాశాడు. కెనడాలోనే ఉన్నా స్టేటస్ లేని రోజులు కలవవు. గడువులోపే రెన్యూవల్ పెట్టి జవాబు కోసం ఆగిన రోజులైతే కలుస్తాయి. నేను ఫారం చదవకుండా పంపి ఉంటే తప్పు చెప్పింది నేనే అయ్యేదాన్ని, సంతకం నాదే కదా.

పల్నాడు_ఎక్స్‌ప్రెస్
ఇందాకటి సలహా తప్పే గానీ ఇది మాత్రం మనస్ఫూర్తిగా అడుగుతున్నా. ఇంత కష్టపడి ఇండియా పాస్‌పోర్టు వదులుకోవడం అవసరమా? మనకి రెండు పౌరసత్వాలు లేవు, ఇక్కడ తీసుకున్న రోజే అక్కడిది పోతుంది. ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకిచ్చే కార్డు) ఇస్తారు గానీ దానితో వ్యవసాయ భూమి కొనలేం, ఓటు లేదు. నాకు మాచర్ల దగ్గర రెండెకరాలు కొనాలని కోరిక, అందుకే పీఆర్ దగ్గరే ఆగిపోయా.

బ్రాంప్టన్_బాబాయ్
నీ ఆలోచన తప్పని ఎవరూ అనరు. కొనలేం నిజమే, వారసత్వంగా వచ్చింది మాత్రం ఉంచుకోవచ్చు.

తెనాలి_కుర్రాడు
నాన్నది ఎకరంన్నర మాగాణి ఉంది, దాని గురించే భయపడ్డాను. ఉంచుకోవచ్చంటే చాలు.
నేను ఎందుకు తీసుకుంటున్నానంటే, నాన్నకి సీరియస్ అన్నప్పుడు నా పీఆర్ కార్డు మీద తేదీ, అప్పటిదాకా ఉన్న రోజులు, ఇంకా ఎన్ని రోజులు అక్కడ ఉండగలను, ఇవే తలలో తిరిగాయి. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో రోజులు లెక్కపెట్టాను. ఆ పని ఇంకోసారి చేయకూడదు. రేపు అమ్మకి ఏదైనా అయితే ఆర్నెల్లు పట్టినా వెళ్లి కూర్చుంటాను, ఎవరికీ రోజులు అప్పజెప్పక్కర్లేదు.

పల్నాడు_ఎక్స్‌ప్రెస్
ఇది విన్నాక ఇంక నేనేం అడగను. తీసుకో బ్రో.

విండ్సర్_వంతెన
మీ ఆవిడకి ఇంకా ముందే నిండి ఉండాలి కదా? ఆవిడ ఇండియా తక్కువసార్లు వెళ్లి ఉంటే ముందే అప్లై చేసుకోవచ్చు. ఎవరి రోజులు వాళ్లవే, కలిసే పెట్టాలని రూల్ లేదు.

తెనాలి_కుర్రాడు
తనకి ఎప్పుడో నిండాయి, నా కోసం ఆగింది. కలిసే పెడదాం అంటోంది, నేను వద్దన్నా వినదు.

మంచులో_మామిడి
ఆగడం ఎప్పుడూ మంచిదే, రోజులు పెరుగుతాయే గానీ తగ్గవు.

లెక్కల_టీచర్
ఎప్పుడూ కాదండీ, అది చాలామంది పొరపాటు. అయిదేళ్లే చూస్తారు కాబట్టి ముందు ఒక రోజు చేరితే వెనక ఒక రోజు రాలిపోతుంది. రాలేది పీఆర్‌కి ముందు ఇక్కడ ఉన్న రోజైతే, మన సగం లెక్క ఇంకా 365 లోపే ఉంటే, ఒక రోజు ఆగినందుకు మిగిలేది అర రోజే. రాలేది పీఆర్ రోజైతే ఆగినా ఏమీ పెరగదు. ఆ మధ్యలో ఇండియా వెళ్లి కూర్చుంటే ముందు ఏమీ చేరదు, వెనక మాత్రం రాలుతూనే ఉంటుంది, అంటే తగ్గుతుంది కూడా. తెనాలి అబ్బాయికి ఇప్పుడా ఇబ్బంది లేదు, ఆయన దిగింది 2021 జనవరి 10 కాబట్టి 2026 జనవరి 10 దాకా అప్లై చేసినా వెనక ఏమీ రాలదు. అది దాటితే లెక్క మారుతుంది.

మంచులో_మామిడి
ఇన్నేళ్లూ ఇది తెలియదు. స్క్రీన్‌షాట్ తీసి మా మరిదికి పంపాను.

ఓరుగల్లు_పిల్ల
నేనూ రాసి పెట్టుకున్న. ఎంత మంచిగ చెప్పిన్రు.

తెనాలి_కుర్రాడు
అప్‌డేట్. నిన్న, ఆగస్టు 25న, ఇద్దరం పెట్టేశాం. నాది 1,130, తనది ఇంకా చాలా ఎక్కువ. మధ్యలో నయాగరా దాటి బఫెలోకి ఒకసారి వెళ్లొచ్చాం, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేశాం, అది కూడా రాశాను.

తేదీల పక్కన కారణం రాసే గడి ఒకటి ఉంది. 2024 జనవరి 6 నుంచి ఏప్రిల్ 2 దగ్గర 'తండ్రి మరణం' అని కొట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. పక్కన 86 అని పడింది. మా ఆవిడ ఏమీ అనకుండా టీ తెచ్చి పెట్టింది.

లెక్కల_టీచర్
1,095కి 35 కలిపితే 1,130. సరిపోయింది. ఇక నిశ్చింతగా ఉండండి.

నైట్‌షిఫ్ట్_నర్స్
టాక్స్ అయిదేళ్లలో మూడేళ్లవి ఫైల్ చేసినట్టు ఉన్నాయి కదా? టెస్టులో 20 ప్రశ్నలు, 15 రావాలి. ప్రభుత్వం ఇచ్చే పుస్తకం రెండుసార్లు చదివితే చాలు, బయట క్లాసులకి డబ్బు పెట్టకండి.

తెనాలి_కుర్రాడు
టాక్స్ అన్నీ ఉన్నాయి అక్కా. పుస్తకం రాత్రిళ్లు ఇద్దరం ఒకరినొకరు ప్రశ్నలడుగుతూ చదువుతున్నాం.

బ్రాంప్టన్_బాబాయ్
ప్రమాణం ఆన్‌లైన్‌లో పెడితే ఆ రోజు కెనడాలోనే ఉండాలి, ఇండియా టిక్కెట్లు ఆ తేదీ తెలిశాక కొనండి. పీఆర్ కార్డుని కెమెరా ముందు మనచేతే కత్తిరించమంటారు, కత్తెర దగ్గర పెట్టుకోండి. పాత పాస్‌పోర్టులు ఒక్కటి కూడా పారేయొద్దు, ఇండియా పాస్‌పోర్టు సరెండర్‌కీ తర్వాత ఓసీఐకీ అవే అడుగుతారు.